ఏరు దాటకూడని నెలలు

మా ఆయన రఘురాం కూరగాయలకి వెళ్ళినా దారి మ్యాపులో చూసుకునే మనిషి. అలాంటివాడికి కొత్త కారూ, పూజా సెలవులూ ఒకేసారి దొరికితే ఇంక పట్టపగ్గాలుంటాయా? షాలిమార్‌లో మా ఫ్లాటు తలుపు తోసుకుని సాయంత్రం నేను లోపలికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద కంచం పెట్టే చోటు లేదు. లాప్‌టాప్, చార్జరు, కాగితాలు, మధ్యలో మరమరాల గిన్నె. కలకత్తా నుంచి మా పుట్టిల్లు సోంపేటకి మూడు రోజుల ప్రయాణానికి ప్లాను వేస్తున్నాడు. అక్కడ మా అమ్మ నాకు సీమంతం చెయ్యాలి.

నాకు ఐదో నెల. ఆ మధ్యాహ్నం స్కానింగులో డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసి, తెరని నాకు కనబడకుండా పక్కకి తిప్పేసింది. అప్పుడే నాకు తెలిసిపోయింది. బిడ్డ గుండె కొట్టుకోవడం లేదట. రెండు మూడు రోజుల క్రితమే ఆగిపోయి ఉంటుందట. రేపు పొద్దున్న మీవారితో రండి, చేర్చుకుంటాం అంది. మా ఆయనకి బ్యాంకులో ఆడిట్ ఉందంటే, ఒక్క స్కానింగుకి ఇద్దరెందుకులెండి అని నేనే ఒక్కదాన్నీ వెళ్ళాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, ఇంటికెళ్ళి చెబుదామనుకున్నాను. ఇంటికొస్తే ఇదీ వరస.

"ఏటన్నారే?" అంది మా అత్తగారు దుర్గాంబ, నా చేతిలో సంచీ అందుకుంటూ.

"రేపు మళ్ళీ రమ్మన్నారు."

"వాళ్ళకేటి, రమ్మంటూనే ఉంటారు. కూర్చో, కాళ్ళు పైన పెట్టుకో."

ఆవిడ ఇంకేదో అడగబోయింది. ఈలోగా రఘురాం నా భుజం పట్టుకుని కుర్చీలో కూలేశాడు.

"ముందు ఇది చూడు. మొదటి రోజు బాలాసోర్. లిఫ్టు ఉన్న హోటలే చూశాను. గంటకోసారి కారు ఆపుతాను, నువ్వు వద్దన్నా ఆపుతాను. రెండో రోజు పూరీ. మూడో రోజు..." అని ఆగాడు, లాటరీ నంబరు చదివేవాడిలా. "మూడో రోజు సాతపడా! అక్కడ కారుని పెద్ద పడవలాంటి పంటు ఎక్కించేస్తాం. చిలకా సరస్సు మీద అవతలి ఒడ్డు దాకా. కారూ, మనమూ, బన్నీ, అందరం!"

బన్నీ అంటే కడుపులో బిడ్డ. ఆడో మగో తెలియదు కనక ఇద్దరికీ పనికొస్తుందని తనే పెట్టాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఆ రోజు నేను వెక్కిరిస్తే, "ఆలుంది, చూలుంది, ఇంకేం కావాలి?" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

"ఏరు దాటకూడదని నీకెన్నిసార్లు చెప్పాలిరా," అంది అత్తయ్య. "కడుపుతో ఉన్న పిల్ల నావెక్కకూడదు. దాని మొగుడూ ఎక్కకూడదు."

"అది ఏరు కాదమ్మా, సరస్సు."

"అందులో ఉన్నవి నీళ్ళు కావేటి?"

ఈ నిషేధం మా ఇంట్లో కడుపు నిలిచిన దగ్గర్నుంచీ నడుస్తోంది. మేముండేది నదికి హౌరా ఒడ్డున, ఆసుపత్రి కలకత్తా ఒడ్డున. లాంచీ ఎక్కితే ఇట్టే దింపుతుంది. నేను మాత్రం బస్సులో రెండో బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. బ్రిడ్జి మీద దాటితే ఏరు దాటినట్టు కాదా అని ఒకసారి అడిగాను. "ఇనుమెక్కడిదే? నేల్లోంచి తవ్వి తీసిందే కదా. అంచేత నేల మీదున్నట్టే" అంది. ఇలాంటి తీర్పు హైకోర్టులో కూడా రాదు. నాకు ఒళ్ళు మండేది. కానీ పెళ్ళయిన ఏడేళ్ళకి నిలిచిన కడుపు. అందుకని ఆ మండే ఒళ్ళునే తీసుకెళ్ళి బస్సెక్కించేదాన్ని.

"మా బ్యాంకులో ఆశిష్‌దా పోయినేడు ఆ దారినే వెళ్ళాడు," అంటున్నాడు రఘురాం. "పొద్దున్నే వెళ్ళి కార్ల వరసలో నిలబడాలట. పంటు మీద కారు దిగి రెయిలింగ్ దగ్గర నిలబడొచ్చట. అదృష్టం బాగుంటే డాల్ఫిన్లు కనబడతాయట. బన్నీకి మొదటి డాల్ఫిన్!"

తను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాను. మొహం చూస్తే నోరు రాలేదు. ఇంకో నిమిషం తండ్రిగా ఉండనీ అనుకున్నాను. ఆ నిమిషం అయ్యాక ఇంకో నిమిషం. నా కడుపులో బిడ్డ చచ్చిపోయి ఉంది, బల్ల మీద దానికి డాల్ఫిన్లని చూపించే ఏర్పాటు జరుగుతోంది. కింద వీధిలో పూజా పందిరికి వెదుళ్ళు దింపుతూ ఎవరో పాట పెట్టారు. ఆ పాట మీదా, వెదుళ్ళ మీదా, మా ఆయన మీదా, అందరి మీదా కోపం వచ్చింది నాకు.

"ఈ మరమరాలేమిటి, మెత్తబడి చచ్చాయి!" అని గిన్నె దూరంగా తోసేశాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"దాని మొహం చూడరా ఎలాగుందో," అంది అత్తయ్య మెల్లిగా. "పంటెక్కాలని ఆశ పడినట్టుంది పిల్ల. నేను వద్దనీసరికి ఏడుపొచ్చీసింది."

లేచి బాల్కనీలోకి వెళ్ళింది. కాసేపటికి పసుపు రాసిన గుడ్డలో ఏదో మూట కట్టుకుని వచ్చింది.

"తులసికోటలో మట్టి. పంటు మీద ఇది ఒళ్ళో పెట్టుకుని కూర్చో. కింద నీళ్ళున్నా ఒళ్ళో నేలున్నట్టే. దాటినా దాటినట్టు కాదు."

"ఇది ఏ శాస్త్రంలో ఉందమ్మా?" అన్నాడు రఘురాం నవ్వుతూ.

"నేను చెప్పేను కదా, అదే శాస్త్రం. మా బన్నీగాడికేటీ కాదు."

పుట్టకుండా పేరేటి, దిష్టి తగుల్తుంది అని ఇన్నాళ్ళూ కొడుకుని కసిరిన మనిషి. ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదలు. నా కోసం తన శాస్త్రాన్ని తనే వంచుకుని, మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మట్టి తడిగా ఉంది. చల్లదనం చీరలోంచి కడుపుకి తగిలింది. ఇంక నా వల్ల కాలేదు.

"అత్తయ్యా, నేనివాళ లాంచీలో వచ్చాను."

"లాంచీలోనా? ఎందుకెక్కేవే? బస్సుకేటైంది?"

రఘురాం బల్ల మీద చరిచాడు. "చూశావా అమ్మా! ఎక్కేసింది! ఏటైంది? ఏమీ కాలేదు!"

అత్తయ్య నా మొహం చూసింది, తరవాత నా చేతులు చూసింది. ఈ ఐదు నెలలూ కూర్చుంటే చాలు, నా చెయ్యి కడుపు మీదే ఉండేది. ఇప్పుడు రెండు చేతులూ కుర్చీ పట్టుకుని ఉన్నాయి.

"నోర్ముయ్యరా," అంది కొడుకుతో. నా దగ్గరికి వచ్చి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "ఎప్పుడే? ఎక్కకముందా, ఎక్కేకా?"

ఇంకో రోజైతే ఆ ప్రశ్నకి ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని.

"ముందే అత్తయ్యా. రెండు మూడు రోజుల ముందేనట. బాబుఘాట్‌లో లాంచీల రేవు దగ్గర నిలబడ్డాను. ఇంక బస్సెందుకులే అనిపించింది."

"అయితే నీ తప్పు కాదే," అంది. "అప్పటికి నువ్వు దాటలేదు. నీ తప్పు కాదే తల్లీ. అన్నీ చేసేవు నువ్వు. ఎండనక వాననక బస్సుల్లోనే తిరిగేవు." నా తల తన పొట్టకేసి అదుముకుంది. మీ తప్పేమీ లేదని డాక్టరమ్మ కూడా చెప్పింది, బెంగాలీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఏ రోజూ నమ్మని ఈ శాస్త్రం నా తప్పు లేదనేసరికి మాత్రం గుండె పగిలి ఏడ్చాను.

"ఏటమ్మా? ఎవరి తప్పు?" అంటున్నాడు రఘురాం. "దేని తప్పు?"

అత్తయ్య నా తల వదిలి పక్కకి జరిగింది. తను చెప్పవలసిన మాట కాదని ఆవిడకి తెలుసు. నేనే తలెత్తాను. మా ఆయన మొహం మీద ఇందాకటి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"బన్నీ మనతో రావడం లేదండీ," అన్నాను.