ఆయా జీతం వోచరు

ప్రతినెలా ఒకటో తారీఖున మా పాప ఆయా ముత్యాలమ్మ బొటనవేలికి అంటిన సిరా నేనే తుడుస్తాను. కొబ్బరినూనె రాసి గుడ్డతో రుద్దితేగానీ వదలదు, వదలకముందే పాపను ఎత్తుకుంటే గౌనుకి అంటుతుంది. ఆ సిరా అద్దించేదీ నేనే. మా ఆయన కాంతారావుగారికి బందరులో రోల్డుగోల్డు కొట్టుంది. "ఇంట్లో ఆయాకిచ్చే జీతం ఇన్‌కంటాక్సులో ఖర్చు కిందికి రాదు ప్రభా. కొట్లో పనిమనిషని రాస్తే వస్తుంది" అని ఆయన తెచ్చే వోచర్లలో ముత్యాలమ్మ నగలకి మెరుగు పెడుతుంది. జీతం మేమిచ్చేదానికి మూడింతలు. చదువురాని మనిషి, ఎక్కడ పెట్టమంటే అక్కడ వేలిముద్ర పెడుతుంది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేస్తున్నదాన్ని, అన్నీ చదవగలిగినదాన్ని. "మొగుడికి పన్ను తగ్గితే మిగిలేది నీకే కదుటే" అని ఊరినుంచి చూడవచ్చిన అత్తయ్య అంటే ఊరుకున్నాను.

ముత్యాలమ్మది హంసలదీవి. రెండేళ్ల కిందటి ఉప్పెన ఆమె మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయింది. మిగిలింది ముసలితల్లి ఒక్కతే. ఈమధ్య వాళ్ల ఊళ్లో పక్కా ఇళ్లు ఇస్తున్నారని కబురొచ్చింది. ఎక్కడ పనిచేస్తోందో కాగితం తెమ్మన్నారట, వచ్చి మా ఆయన్ని అడిగింది. పుస్తకాల్లో ఎలా ఉందో కాగితంలోనూ అలాగే ఉండాలన్నారాయన. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, కొట్టు పేరున్న కాగితం మీద నా చేతే రాయించారు. పర్మనెంటు పనిమనిషి, నెలజీతం ఇంత అని. రాస్తుంటే నా చెయ్యి ఒక్కచోటా ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదని ఇప్పుడనుకుని ఏం లాభం?

నిన్న ఊరినుంచి తిరిగొచ్చి గుమ్మంలో కూలబడింది. "బందర్లో అంత జీతం వచ్చేదానికి ఇల్లెందుకని పేరు కొట్టేశారమ్మగారూ. మా అమ్మ ఇంకా ఆ తాటాకు పాకలోనే ఉంది. అయ్యగారిచ్చిన కాగితంలో నాకంత జీతమని ఎవరు రాశారో ఏంటో" అంది. పాప పాక్కుంటూ వెళ్లి ఆమె ఒళ్లోకి ఎక్కింది. రాసింది నేనేనని చెప్పకుండా, అన్నం పెడతాను లెమ్మన్నాను. అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటుంది. పేరు కొట్టేశారనగానే నా గుండె తేలికపడింది. ఇల్లు రాకపోతే ముత్యాలమ్మ ఎక్కడికీ వెళ్లదు. పాపకి లోటుండదు, నా ఉద్యోగం నిలబడుతుంది. మా ఆయన ఎగ్గొట్టింది పన్నే. నేను ఒక ముసలమ్మ ఇల్లు పోతే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున్నే ముత్యాలమ్మకి అంతా చెప్పేశాను. తిడితే బాగుండును, తిట్టలేదు. "మీరే రాశారా అమ్మగారూ" అని, చంకలోని పాపను కిందికి దించింది.

అప్పుడు రాశాను ఇంకో కాగితం. ఈమె మా కొట్లో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు, నా బిడ్డను పెంచుతోంది, అసలు జీతం ఇది, తప్పుడు వోచర్ల మీద వేలిముద్రలు వేయించింది నేను. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. "పద, అవనిగడ్డ బస్సుకి వెళ్లి ఇళ్ల ఆఫీసులో ఇద్దాం" అన్నాను.

మా ఆయన కాగితం చదివి ఎర్రబడ్డారు.

"నీకు మతిపోయిందా? ఇది ఇన్‌కంటాక్సు వాళ్ల చేతిలో పడితే నా గతేంటి?"

"పడనివ్వండి. అడిగితే నేనే చెప్తాను."

"ఇద్దరూ పోతే పాపనెవరు చూస్తారు?"

చెప్పులు వేసుకుంటూ అన్నాను. "మీ కొట్లో ముత్యాలమ్మ అని ఒకావిడ జీతం తీసుకుంటోంది కదండీ. ఆవిణ్ణి పిలిపించండి."