గుండె జబ్బుల ఊరు

మా ఊళ్లో ఎవరు పోయినా గుండెపోటే. కాళ్లూ మొహం బూరెల్లా పొంగి, తిన్నదల్లా కక్కుకుంటూ మంచంలో తీసుకుని తీసుకుని పోయినా సరే, గుండెపోటే! కిడ్నీ అన్న మాట పొక్కితే ఆ ఇంటి కుర్రాడికి సాలూరులో ఏ ఓనరూ నడపడానికి లారీ ఇవ్వడు. అయ్యకి వచ్చింది కొడుక్కీ వస్తుందని వాళ్ల భయం. చావుకి కారణం రాసే ఆశా కార్యకర్తని నేను. ఇంటివాళ్లు చెప్పిందే రాయాలిట. నా కడుపు మండిపోయేది.

జగ్గమ్మ మొగుడు కూర్మయ్య పోయినప్పుడూ అదే తంతు. ఆమెని బతిమాలాను.

"నిజం సెప్పవే జగ్గా. లెక్కలో కనబడితేనే గదా కిడ్నీ పరీక్షల బండి వస్తాది. నీ కొడుకు త్రినాథ్ కాళ్లు సూడు, అప్పుడే వాస్తన్నాయి. పెద్దాసుపత్రికెల్తే కబురు సాలూరు సేరిపోద్దని ఆడు కదలడు. ఊరందరికీ ఇక్కడే సేస్తే ఎవడికి అనుమానం?"

"నీకు పున్నెం ఉంటాది ఎలీసమ్మా, గుండెపోటని రాసీ. ఆడి నోటికాడ కూడు తీసీకు."

రాశాను, పళ్లు కొరుక్కుంటూ.

పై ఆఫీసులో ఆ గుండెపోట్లన్నీ కూడారు. మొన్న బడి దగ్గరికి బండి వచ్చింది, గుండె పరీక్షల బండి! ఓరి దేవుడా, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరంతా వరస కట్టింది.

"నీ గుండె బంగారమయ్యా" అన్నాడు డాక్టరు త్రినాథ్‌తో. వాడు బల్ల దిగి చెప్పులు తొడుక్కోబోతే వాచిన పాదాలు పట్టలేదు. జగ్గమ్మ అది చూసి భోరుమంది.

"గుండె కాదు బాబూ! ఈడి అయ్యది కిడ్నీయే. ఈడికీ అదే వస్తన్నాది. ఆ పరీక్ష సెయ్యండి బాబూ!"

"ఊరుకోయే అమ్మా!" అని అరిచాడు త్రినాథ్. అప్పటికే అందరూ విన్నారు.

డాక్టరు మంచివాడే. కంప్యూటరు చూసి నిట్టూర్చాడు. "ఆ సామాను ఈ బండిలో లేదమ్మా. కిడ్నీ చావులు ఎక్కువున్న ఊళ్లకే అది పంపుతారు. మీ ఊరి లెక్కలో ఒక్కటీ లేదు. మీ ఆయనది మార్చినా, ఒక్కటే అవుతుంది."

జగ్గమ్మ వరస వైపు తిరిగింది. "ఒసే బుల్లమ్మా, నువ్వైనా సెప్పవే. నీ మొగుడు ఏటొచ్చి పోనాడు?"

బుల్లమ్మ కొడుకు ఇప్పుడు సాలూరు లారీ మీదే ఉన్నాడు. ఆమె తల వంచుకుంది.

"గుండెపోటే" అని, పరీక్ష బల్ల ఎక్కింది.