బతికుండే చెల్లెలి దావా

కోర్టుకు పోయే పొద్దున కూడా జమీలాబీ అత్తకు సంగటి కెలికి, మొగుని చొక్కాలు ఉతికి ఆరేసింది. "కోర్టుకు పోయే ఆడదానివైనా పొయ్యి మర్చిపోవాకు" అనింది అత్త. జమీలాబీ పొయ్యి ఆర్పింది. మొగుడు నూరుల్లా వెనకాల నడిచి హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కింది.

తప్పు చేయబోతాండాననే ఉండాది ఆమెకు.

పెనుకొండ కాడ చింతతోపు నాయనది. కన్ను మూసేముందు ఆయన తన కొడుకును, జమీలాబీ అన్న మొహిద్దీన్ సాబ్‌ను పిలిచి, "చెల్లెలి వాటా నీ చేతిలో పెడతాండా. దాని ఫలం దానికియ్యి" అన్నాడు. అన్న ధర్మవరంలో ఉంటాడు. ప్రతి ఎండాకాలం వచ్చి పిల్చుకపోయేవాడు. వాళ్ళ వాకిట్లో వదిన ఖాతూన్‌బీ ఎదురుగా జమీలాబీ కూర్చొని చింతపండు కొట్టి గింజ తీసేది. పులుపుకు వేళ్ళు పగిలి, అన్నంలో చెయ్యి పెడితే మంట. వచ్చేటప్పుడు అన్న ఒక చీర పెట్టేవాడు. మా అన్న ఎంత మంచోడని బస్సులో ఏడ్చేది. తన చెట్ల పండుకు తానే కూలి లేని కూలిదని ఒక్కనాడూ అనుకోలేదు.

పోయిన రెండు ఎండాకాలాలూ పిలుపు రాలేదు. రెండోసారి తానే తోపు కాడికి పోయింది. ఆడ చిన్నప్ప అనే ఆయన పండు రాలిపిస్తాండాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"మొహిద్దీన్ సాబ్ చెల్లెల్ని."

"ఏం తమాషా చేస్తాండావా? ఆయప్ప చెల్లెలు పెండ్లి కాకముందే చచ్చిపోయిందని రిజిస్ట్రీ ఆఫీసులో ప్రమాణం చేసి నాకు అమ్మినాడు గదమ్మా! రెండేండ్లాయ."

రెండేండ్ల కిందటంటే ఆ ఎండాకాలం ఆమె అన్న వాకిట్లోనే ఉండాది. పండు కొడుతూ.

దావా వేయించింది నూరుల్లానే. లాయరు గంగాధర్ విడమర్చి చెప్పినాడు. "వాటా సొమ్ము ఒకటమ్మా. దానిమీద శిక్ష కింద ఇంకొంత సొమ్ము అడుగుదాం. నమ్మి చేతిలో పెట్టిన దాన్ని అమ్ముకున్నాడు. ఉండే మనిషిని లేదన్నాడు. ఇంకొకడు అట్ల చేయకుండా కోర్టు వేసే దెబ్బ అది. వేస్తారో లేదో చెప్పలేను. అడగొచ్చు."

తలూపింది. వాటా అడిగేది తప్పు కాదు, అది నాయన మాట. మరి శిక్ష? జ్వరమొస్తే భుజానేసుకొని ఆసుపత్రికి నడిచిన అన్న గదా. ఆయనకు దెబ్బ తగలాలని కాగితం మీద రాయించిన చెల్లెలు యాడన్నా ఉంటుందా?

కోర్టు వరండాలో అన్న ఆమెను కిందికీ మీదికీ చూసినాడు.

"ఏమ్మే, నేను పెట్టిన చీర కట్టుకోనే నా మీదికి వస్తివా?"

జమీలాబీ కొంగు చూసుకునింది. నిజమే, అదే చీర. మంచిది ఇంకోటి లేదు.

అన్న, నూరుల్లా టీ తాగను పోయినారు. ఏడాదిగా మాటల్లేని వాళ్ళు. ఖాతూన్‌బీ దగ్గరికొచ్చి కూర్చునింది.

"వాటా తీసుకో జమీలా. శిక్ష అంటే ఇల్లు అమ్మాల. వీధిలో పడేది నేను గూడా."

"ఆ ఎండాకాలం నీకు తెలుసునా వదినా?"

ఖాతూన్‌బీ తల వంచుకునింది. "తెలుసు. చెప్పే నోరు నాకు యాడిది?"

ఇద్దరికీ ఏడుపొచ్చింది. వదిన చెయ్యి పట్టుకుంటే కూడా తప్పు చేస్తాన్నట్లే ఉండాది.

మొగోళ్ళిద్దరూ నవ్వుకుంటా వచ్చినారు, లాయర్ను వెంటబెట్టుకొని.

"రాజీ అయిపోయిండాది సారూ" అన్నాడు నూరుల్లా. "వాటా ఇస్తాడు. ఆ శిక్ష మాట కొట్టేయండి. బావామరదుల మధ్య అదెందుకు? ఆమెకేం తెలుసు, వేలిముద్ర వేస్తుంది."

లాయరు ఆమెనే చూసినాడు. "నీ దావా అమ్మా. కొట్టేయమంటావా?"

అన్న నేల చూస్తాండాడు. వదిన చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉండాది. దాన్ని మెల్లగా విడిచి జమీలాబీ లేచి నిలబడింది.

"వాటా మా నాయన ఇచ్చింది సారూ. అది తెచ్చి నా మొగుని చేతిలో పెట్టాలని వీళ్ళప్పుడే మాట్లాడుకున్నారు. నేను చచ్చిపోయినానన్నందుకు అడిగేదొకటే నాది. పాపం చేస్తాండాననే ఉండాది. అయినా కొట్టేయొద్దు."