రెండో కుర్చీ

కంప్యూటర్ పెట్టెను నాగలత అరచేత్తో ఇంకోసారి తట్టింది. ఒకసారి తడితే అది లేవదు. లోపలి ఫ్యాను గరగరమని తిరగడం మొదలయ్యాక పెట్టె పక్కకు ఇటుక ముక్క ఆనించింది. ఇటుక లేకపోతే పెట్టె వణుకుతుంది, వణికితే ఆగిపోతుంది. తెర వెలిగేలోపు ఆమెకు పనులున్నాయి. షట్టరు ముందు చెంబెడు నీళ్ళు చల్లింది. జిరాక్సు మిషన్ మీద కప్పిన పాత చీర ముక్క తీసి మడిచింది. వేలిముద్రల మిషన్ అద్దాన్ని కొంగుతో తుడిచింది. ఆ నల్లటి మిషన్ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదంతే. బూర్గంపాడు సెంటర్లో ఆమె కొట్టు నడిచేది మాత్రం దాని మీద వేలు పెట్టి పింఛను తీసుకునేవాళ్ళతోనే.

నాగలత యాభైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే తెల్లదారం చుట్టి అదే పెట్టుకుంటోంది. గోళ్ళ చుట్టూ చేరిన జిరాక్సు పొడి ఎంత రుద్దినా పోదు. మాట తక్కువ. కొట్టుకు వచ్చేవాళ్ళు ఆమె మొహం కంటే వీపునే ఎక్కువ చూసి ఉంటారు.

తెర వెలిగింది. మధ్యలో పసుపు డబ్బా వచ్చింది. చలికాలం నుంచి రోజూ వచ్చేదే. ఈ పాత విండోస్‌లో వేలిముద్రల పని ఆగిపోతుంది, కొత్త విండోస్ వేసుకోండి అని. రోజూ ఆమె 'తర్వాత' అన్నచోట నొక్కి పనిలో పడేది. ఈ వారం మొదట్లో వేలిముద్రలు నిజంగానే ఆగిపోయాయి. ఇవాళ డబ్బాలో 'తర్వాత' లేదు. సాయంత్రం లోపల కొత్త విండోస్‌తో నమోదు కాకపోతే కొట్టు ఐడీ రద్దవుతుందని మాత్రం ఉంది. ఆమె ఆ డబ్బాను మౌస్‌తో పట్టి తెర అంచుకు జరిపింది. అది పోలేదు, పక్కన నిలబడింది.

"ఏం బిడ్డా, నీ మిషన్ లేచిందా, ఇంక పండుకునే ఉందా?"

ద్వాలి వచ్చింది. తండా నుంచి ఆటోలో వచ్చి, సెంటర్లో దిగి, ఎండ ముదరకముందే చేరాలని వేగంగా నడిచినట్టుంది, గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. మోచేతుల దాకా తెల్లగాజులు. బక్కచిక్కిన చేతుల మీద అవి వదులై, చెయ్యి ఎత్తినప్పుడల్లా కిందికి జారి గలగలమంటాయి. పిడికిట్లో నిమ్మచెక్క ఉంది. మిరపకాయలు ఏరి ఏరి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. నిమ్మచెక్కతో రుద్దితే మిషన్‌కు కాస్త కనపడతాయని తనే కనిపెట్టుకుంది. ఇంటి ముందు చెట్టుకు కోసుకుని వస్తుంది.

"లేవలే అవ్వా. రేపు రా."

"మొన్న గూడ రేపే అన్నవ్. రేపు ఎన్నిసార్లొస్తది?"

"ఇయ్యాల భద్రాచలం నుంచి శ్రీధర్ వస్తుండు. కొత్తది ఏస్తడు. రేపు పక్కా."

ద్వాలి బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపింది. మడమలు పగిలి, పగుళ్ళలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది. "బీపీ గోలీలు అయిపోయినయ్. పింఛను పడితే కొనుక్కుందామని."

"నేనిస్త తీస్కపో."

"నీ పైసలు నాకెందుకు? నా పైసలు నాకియ్యి." ద్వాలి నవ్వింది. కింది వరుసలో ఒక్క పన్ను ఉంది. "సరే గానీ, నా ముసలోణ్ని సూపియ్యి. నా కుర్చీ ఎవ్వరికన్న ఇచ్చినవా ఏంది?"

వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతుంది. నాగలత ఫోటోల సాఫ్ట్‌వేర్ తెరిచింది. అది తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా ద్వాలి కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుంది.

తెర మీద నీలం పరదా వచ్చింది. పరదా ముందు రెండు ఎర్ర కుర్చీలు. ఎడమ కుర్చీలో ద్వాలి భర్త రామ్‌సింగ్ తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. కుడి కుర్చీ ఖాళీ.

ఆ పరదా, ఆ కుర్చీలు నాగలత భర్త హరిప్రసాద్ చేసినవి. ఇల్లెందు బొగ్గుబావిలో కాంట్రాక్టు పని పోయాక అతను ఈ కంప్యూటరు కొని, ఆమెను తీసుకుని ఇక్కడికి వచ్చాడు. ఎక్కడి నుంచో ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టాడు. చుట్టుపక్కల ముసలివాళ్ళకు భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో ఉండేది కాదు. ఒకరు పోయాక ఇంట్లోవాళ్ళు ఏ పాత కార్డు మీదిదో, ఏ పెళ్ళి గుంపులోదో బొమ్మ తెచ్చేవాళ్ళు. హరిప్రసాద్ ఆ మొహాన్ని తుడిచి, కళ్ళు తేటగా చేసి, ఒక కుర్చీలో కూర్చోబెట్టేవాడు. రెండోది వదిలేసేవాడు. మిగిలినవాళ్ళు కూడా పోయినరోజు వాళ్ళనూ కూర్చోబెట్టి అప్పుడు ఒకటే పటం చేసి ఇచ్చేవాడు. అప్పటిదాకా బొమ్మ పెట్టె దాటి బయటికి రాకూడదు. ఖాళీ కుర్చీ పటం ఇంట్లో ఉంటే ఉన్నవాళ్ళను పిలుస్తుందని అందరికీ భయం. అతను పోయాక ఆ పని నాగలత చేస్తోంది.

రామ్‌సింగ్‌కు ఉన్నదే ఒక ఫోటో. ఆధార్ కార్డులు రాకముందే పోయాడు. ఆ ఒక్క ఫోటో కూడా గోదావరి నీళ్ళు తండా కింది ఇళ్ళలోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతో సహా పోయింది. చాలామందివి అట్లాగే పోయాయి. ఇప్పుడు వాళ్ళు ఉన్నది ఈ కంప్యూటర్లోనే.

"సూడు, సగం నా దిక్కే సాగి కూసున్నడు," అంది ద్వాలి. "బతికినప్పుడూ గంతే. మంచమంత వానిదే, నేను అంచుకు." తర్వాత తెర దగ్గరికి వంగి లంబాడీలో ఏదో చెప్పింది. తిట్టినట్టే ఉంది.

లేస్తూ నిమ్మచెక్కను వేలిముద్రల మిషన్ పక్కన పెట్టింది. "ఉండనీ. రేపటికి మల్లొక కాయెందుకు కొయ్యాలె."

ఆమె నీడ రోడ్డు దాటేదాకా గాజుల చప్పుడు వినిపించింది.

శ్రీధర్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. భద్రాచలంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. హరిప్రసాద్ దగ్గరే మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నవాడు. హెల్మెట్ తీసి కౌంటర్ మీద పెట్టి, పెట్టెను చూసి తల ఊపాడు.

"దీన్ని ఇంక మోస్తున్నవా అక్కా? ఇటుక గూడ మార్చలే."

"ఆ ఫోటోలది కొత్త దాంట్ల నడవదా?"

"ఎన్నిసార్లడుగుతవ్? నడవది. హరిప్రసాద్ అన్న దాని సీడీ గూడ ఉంచలే."

"రెండు విండోస్‌లు పెట్టరాదు?"

"జాగా ఏది? ఒక్కదానికే ఆయాసపడుతది. గట్లైతే ఇంకో సిస్టం కొను."

ఆమె గల్లాపెట్టె వైపు చూసింది. శ్రీధర్ గొంతు తగ్గించాడు. "ఒక్కొక్కటి తెరిచి మామూలు ఫోటో లెక్క సేవ్ చేసుకో. తర్వాత దేంట్లనన్న అతికియ్యొచ్చు. నేను అన్నం తినొస్త. ఐదింటికి ఆఫీసోళ్ళ సర్వర్ బందైతది, మతికుంచుకో. దానికి ముందు నాకు రెండు గంటలన్న కావాలె."

ఫోటోలది కొత్త విండోస్‌లో నడవదన్న సంగతి ఆమెకు చలికాలంలోనే తెలిసింది. అప్పటి నుంచి రోజుకొకటి తీసినా ఈపాటికి అయిపోయేవి. చాలాసార్లు ఒకదాన్ని తెరిచి కూర్చుంది. సేవ్ అన్నచోటికి బాణం తీసుకుపోయి ఆపేది. అట్లా చేస్తే ఖాళీ కుర్చీ బొమ్మను తన చేత్తో బయటికి తీసినట్టు. ఎక్కడో గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్న మనిషిని పిలిచినట్టు. మూసేసి, 'తర్వాత' నొక్కేది.

ఇప్పుడు మొదలుపెట్టింది. ఒక బొమ్మ తెరుచుకునేలోపు తెచ్చుకున్న టీ చల్లారింది. సేవ్ నొక్కితే తెర తెల్లబడి, ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్ళీ వచ్చింది. అన్నీ కావు. ఏవి ముందు?

బతుకమ్మ పక్షవాతంతో మంచం దిగడం లేదు. ఆమె భర్తది తీసింది. ఊరి చివర కాశయ్య కిడ్నీలు పాడై ఖమ్మం తిరుగుతున్నాడు. అతని భార్యది తీసింది. తర్వాత గంగక్క. చూపు పోయింది, తిండి తగ్గిందని మొన్న కోడలు చెప్పింది. తెర మీది పేర్ల జాబితా మీద వేలు ఆనించి ఎవరు దగ్గడం విన్నానో, ఎవరు కర్ర పట్టుకున్నారో గుర్తు చేసుకుంటోంది. ఎవరు ముందు పోతారని చూస్తున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. వేలు వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకుంది. మళ్ళీ జాబితా మీద పెట్టింది. వేరే దారి లేదు.

నడుమ రెండుసార్లు పెట్టె ఆగిపోయింది. అరచేత్తో తట్టి లేపింది.

శ్రీధర్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. గోడ గడియారం వైపు చూసి, "ఇంకొక్కటి తీసుకో అక్కా. గంతే. నేను మొదలువెట్టాలె," అన్నాడు.

చాలా ఉన్నాయి. ఆమె చూపు రెండింటి దగ్గర ఆగింది. ఒకటి రామ్‌సింగ్. ఇంకొకటి హరిప్రసాద్.

భర్త బొమ్మను ఆమే చేసింది. దగ్గుతో పీక్కుపోయిన చెంపలను సరిచేయకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. అతను చేసిన పరదా ముందు, అతను చేసిన ఎర్ర కుర్చీలో అతన్ని కూర్చోబెట్టింది. పక్క కుర్చీ తనది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ కుర్చీలో తనను ఎవరు కూర్చోబెడతారో, ఆ పటాన్ని ఏ గోడకు కొడతారో ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ద్వాలి పొద్దున తన కాళ్ళ మీద నడిచి వచ్చింది. నవ్వింది. ఆమెకింకా ఏళ్ళున్నాయి. శ్రీధర్‌ను బతిమాలితే ఏదో ఒకటి చేయకపోడు.

నాగలత హరిప్రసాద్‌ను తెరిచింది. సేవ్ నొక్కింది. తెర తెల్లబడి, ఆగి, వచ్చింది. ఆమె కుర్చీలోంచి లేచింది.

శ్రీధర్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర నల్లబడింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు కిందికి పారాయి. నాగలత చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

సర్వర్ మూసేలోపు పని అయింది. తెర మీద ఎవరిదో కొండ, ఎవరిదో సరస్సు ఉన్న కొత్త బొమ్మ వచ్చింది. పసుపు డబ్బా లేదు. శ్రీధర్ చెప్తే ఆమె మిషన్ మీద బొటనవేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. తెర మీద ఆమె పేరు వచ్చింది.

"మస్తుగుంది," అన్నాడు శ్రీధర్. "ఇంక ముసలోళ్ళతోని తిట్లు తప్పినయ్." హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా ద్వాలి కొడుకు బాబూరావు బండి ఆపాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి చేతిలోని ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మ పోయిందక్కా."

నాగలత లేచి కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఎండల ఇంటికొచ్చింది. ఇంత జొన్న గటక తాగి, వాకిట్ల పండుకుంది. చాయ పెట్టి లేపితే లేవలే." అతని గొంతు మామూలుగానే ఉంది. కార్డును కౌంటర్ మీద పెట్టి, అది గాలికి ఎగరకుండా వేలితో నొక్కి పట్టుకున్నాడు. "రేపు అమ్మను కాటికి తీస్తరు. ఫ్లెక్సీ కావాలె. మా బాపు పక్కన కూసోవెట్టి చెయ్యి. నీకు తెలుసు గద, 'నా కుర్చీ నాగలత కాడ ఉంది' అని అమ్మ చెప్తుండె."

"అవ్," అంది నాగలత. "తెలుసు."

"పొద్దుగాల వస్త."

బండి చప్పుడు దూరమయ్యాక ఆమె ఫైళ్ళలోకి వెళ్ళింది. రామ్‌సింగ్ పేరు ఉంది. నొక్కింది. దీన్ని దేనితో తెరవాలి అని కంప్యూటరు అడిగింది. అది చూపించిన ప్రతిదాన్నీ ఒకటొకటిగా నొక్కింది. ఒకటి తెరవలేనంది. ఇంకొకటి అర్థం కాని గుర్తులతో తెర నింపింది.

శ్రీధర్‌కు ఫోన్ చేసింది. వంతెన మీద ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపించింది.

"ఫైల్ ఎక్కడికి పోలేదక్కా. ఉంది గద. తెరిచేదే లేదు."

"ఎక్కడన్న ఆ పాతది ఉంటదా?"

"గా కాలందా?" పక్కనుంచి లారీ ఒకటి దాటిపోయింది. "అడిగి సూస్త." అతను ఎవరినీ అడగబోవడం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆమె ఫోన్ పెట్టేసింది. ద్వాలి కార్డును వెలుతురుకు పట్టి చూసింది. కార్డు మీది ద్వాలి నవ్వడం లేదు. ఎవరో నవ్వొద్దని చెప్పినట్టు పెదాలు బిగించి ఉంది. దాన్ని జిరాక్సు మిషన్ అద్దం మీద బోర్లా పెట్టి, మూత వేసి, మూత మీద చెయ్యి ఉంచి నిలబడింది. కొత్త విండోస్ వేశాక పెట్టె మునుపటంత చప్పుడు చేయడం లేదు. ఇటుక అవసరం ఉందో లేదో ఆమె చూడలేదు.

సెంటర్లో లైట్లు వెలిగాయి. ఆమె షట్టరు సగం దించింది. వేలిముద్రల మిషన్ ఎవరి వేలికోసమో ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. దాని పక్కన, కోసిన వైపు పైకి, అంచులు అప్పుడే ఎండిపోతున్న నిమ్మచెక్క.