కలువ సబ్బు గోడ

నూర్ మొహమ్మద్ సున్నాన్ని పాత లుంగీ గుడ్డలో వడకట్టి, బకెట్టులో కర్రతో నిదానంగా తిప్పుతున్నాడు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, ఆ పగుళ్ళలో నలభై ఏళ్ళ రంగులు నిలిచిపోయాయి. పొద్దున్నే మాచర్ల నుంచి బస్సులో వస్తుంటే ఎడమ చెయ్యి రెండుసార్లు తిమ్మిరెక్కింది. విదిలించుకున్నాడు.

వెల్దుర్తిలో రోడ్డు వారనున్న ఆ గోడ బ్రహ్మయ్య ఇంటిదే అయినా, దాని మీదున్నదంతా సబ్బుల కంపెనీ కథే. గోరుతో గీకితే అడుగున గులాబీ రంగు పళ్ళపొడి, దాని మీద బట్టల సబ్బు, ఆ పైన కలువ సబ్బు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పాతదాని మీద సున్నం కొట్టిందీ, కొత్త పేరు రాసిందీ నూర్ మొహమ్మదే. ఇప్పుడా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కుంది. కలువ సబ్బు ఇక చెయ్యరట. పల్నాటిలో మిగిలిన కలువ గోడ ఇదొక్కటే.

సూపర్‌వైజర్ అమర్నాథ్ ఫోన్ చేశాడు. "నూర్ భాయ్, సాయంత్రానికి తెల్లగోడ ఫోటో పంపాలి. బంక సరిపడా కలుపు. పోయినేడు గురజాలలో ఎవడో కలపకుండా కొడితే, రెండు వానలకే సున్నం రాలి పాత బొమ్మ బయటపడింది."

"నా గోడ ఎప్పుడన్నా రాలిందా సార్?" అంటూ సంచిలోంచి బంక డబ్బా తీసి బకెట్టు పక్కన పెట్టాడు.

నిజంగానే ఏనాడూ రాలలేదు.

గోడ మీద చూరు నీడలో, సబ్బు పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి ముఖం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం, కంపెనీ ఇచ్చిన నమూనా బొమ్మ కాగితం వానకు తడిసి అందులో ముఖం చెరిగిపోయింది. తనకు బాగా తెలిసిన ముఖం ఒక్కటే. భార్య జాన్‌బీని గీశాడు. గడ్డం కింద పుట్టుమచ్చ కూడా దానంతటదే వచ్చేసింది. కంపెనీవాళ్ళెవరూ కనిపెట్టలేదు. జాన్‌బీ మాత్రం బస్సులోంచి చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా, ఊరందరి ముందూ నా చేతికి సబ్బిచ్చి నిలబెట్టావు. ఇంట్లో ఒక్క బిళ్ళకు దిక్కులేదు."

ఆమె ఎన్నడూ ఫోటో దిగలేదు. జ్వరంతో పోయి ఇరవై రెండేళ్ళయింది. ఈ దారిన వచ్చినప్పుడల్లా, ఎవరూ అడగకపోయినా, అతను తన రంగుతో ఆ కళ్ళు దిద్ది పోయేవాడు.

బ్రహ్మయ్య భార్య మల్లీశ్వరి చెంబుతో మజ్జిగ తెచ్చింది. "నూరన్నా, నేను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ ఈ పిల్ల ఇట్టానే నవ్వుతా ఉంది. చెరపకపోతే ఏంది?"

"నేను కొట్టకపోతే వేరేవాళ్ళని పంపుతారమ్మా. ఆళ్ళు గీకి పారేస్తారు."

మజ్జిగ తాగి, కుంచె ముంచాడు. పేరు మీద కొట్టాడు. సబ్బు మీద కొట్టాడు. ముఖం దగ్గరికొచ్చాక కుంచె మెల్లగా, పై నుంచి కిందికి, ఒక్క చుక్క కారకుండా నడిచింది.

తడి సున్నం దేన్నీ దాచదు. ఆరేకొద్దీ తెలుపెక్కుతుంది. అతను ఎదుటి అరుగు మీద స్తంభానికి చేరగిలబడి చూస్తూ కూర్చున్నాడు. ముందు సబ్బు పోయింది. తరవాత నుదురు, పుట్టుమచ్చ పోయాయి. కళ్ళు చానాసేపు ఉన్నాయి.

మల్లీశ్వరి చెంబు కోసం వచ్చేసరికి గోడంతా తెల్లగా ఆరిపోయింది.

"నూరన్నా, ఇంత అన్నం తిని పోదువుగాని."

అతను పలకలేదు. దగ్గరికెళ్ళి చెయ్యి తాకింది. చల్లగా ఉంది. చూపు గోడ మీదే ఉంది.

సాయంత్రం మాచర్ల నుంచి అతని వాళ్ళు వచ్చి ఆటోలో తీసుకెళ్ళారు. ఆ హడావుడిలో సామాను ఎవరికీ గుర్తు రాలేదు. బకెట్టు అడుగున సున్నం గడ్డకట్టింది. పక్కనే, సీలు విప్పని బంక డబ్బా.