తాళం తిప్పే మనిషి

“తిప్పు” అన్నాడు ఎలక్ట్రీషియన్, బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే.

“న్యూట్రల్‌లోనే ఉంది. తిప్పనా?”

“తిప్పమనే కదా ఏడుస్తున్నాను.”

లోపల తాళం తిరిగింది. ఇంజిన్ దగ్గర టక్కుమని ఒక్క చప్పుడైంది. అంతే, కారు ఊరుకుంది.

“తిప్పేశా” అన్నాడు డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషి.

తిప్పిన సంగతి ఆ చప్పుడే చెప్పింది. పైన మళ్లీ ఈ ప్రకటన ఒకటి. ఎలక్ట్రీషియన్ పళ్లు కొరుక్కుని మీటరు తీగలు సర్దుకున్నాడు. సీట్లో ఉన్నది అతని అక్క మొగుడు. పొట్టిగా, గుండ్రటి పొట్టతో, చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, ఎవరో ఫొటో తీస్తామన్నట్టు తయారై షెడ్డుకు వచ్చేవాడు. షెడ్డులో ఆయన ఉద్యోగం, తిప్పమన్నప్పుడు తాళం చెవి తిప్పడం, ఆపమన్నప్పుడు ఆపడం. ఈ మహత్కార్యానికి రోజూ సబ్బుతో చేతులు కడుక్కుని మరీ కూర్చునేవాడు.

నిజమే, ఆ పనికి ఒక మనిషి కావాలి. కరెంటు ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవాలంటే తాళం తిప్పి పట్టుకున్న ఆ కాసేపట్లోనే మీటరు చూడాలి. రెండు చేతులూ తీగల మీద ఉంటాయి కనుక మూడో చెయ్యి ఒకటి లోపల ఉండాలి. కోతికి నేర్పినా చేస్తుందని ఎలక్ట్రీషియన్ వచ్చినవాళ్లతో అనేవాడు, బావకు వినపడేలాగే. బావ నవ్వేవాడు. నవ్వాల్సిన చోట ఊరుకోవడం, ఊరుకోవాల్సిన చోట నవ్వడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఒకప్పుడు ఆయన సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు చీకట్లో టార్చి వేసి సీటు చూపించేవాడు. బతుకు మొత్తం మీద ఆయన చేతికొచ్చిన అధికారం ఆ టార్చిలైటు ఒక్కటే. హాలు మూతపడి పరుపుల గోడౌను అయింది. తరవాత ఆయన ఎక్కని గడప లేదని అక్క చెప్పేది. ఎక్కిన గడప ఒక్కటీ తమ్ముడి కంట పడలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ పెట్టె సర్దుకుని వచ్చి షెడ్డు వెనక గదిలో దిగారు. కొన్నాళ్లకు అక్క పోయింది, బావ మిగిలాడు. పొమ్మని ఎవరూ అనలేదు. పొమ్మంటే వెళ్లడానికి ఆయనకొక చోటు కూడా లేకపోవడం ఎలక్ట్రీషియన్‌కు మరీ చులకనగా తోచేది.

ఇక మోకాలి సంగతి. వచ్చిన కొత్తలో బావ గేరులో ఉన్న బండికి తాళం తిప్పాడు. బండి ఒక్క గెంతు గెంతి ఎలక్ట్రీషియన్ మోకాలిని గోడకేసి నొక్కింది. అప్పటినుంచి అతనికి కుంటి నడక, బావకు ‘న్యూట్రల్‌లోనే ఉంది, తిప్పనా’ అనే పాట ఖాయమయ్యాయి. రోజుకు ఎన్నిసార్లు తిప్పమంటే అన్నిసార్లూ ఆ పాట వినాలి. విన్నప్పుడల్లా మోకాలు సలిపేది.

అన్నిటికన్నా ఒళ్లు మండేది రాత్రి భోజనాల దగ్గర. “ఇవాళ మూడు బళ్లు స్టార్ట్ చేశానమ్మా” అనేవాడు బావ, ఎలక్ట్రీషియన్ భార్యతో. స్టార్ట్ చేశాడట. ఆవిడ కూడా తక్కువ తిన్నదేం కాదు. “అలాగా అన్నయ్యగారూ, అందుకే అలిసిపోయినట్టున్నారు” అని ఇంకో గరిటె వడ్డించేది.

ఇవాళ్టి కారు కళ్లజోళ్ల షాపు ఆయనది. పొద్దున్నే తాడు కట్టి లాక్కొచ్చి పడేశారు. వెనకాలే ఆయన ఫోను. “నిన్నటిదాకా బాగానే ఉందండీ” అన్నాడు, అదేదో కారు చేసిన మోసమైనట్టు. పోయిన ప్రతి వస్తువూ నిన్న బాగానే ఉంటుంది. నలుగురికీ చూపు సరిచేసే మనిషికి ఆ మాత్రం కనిపించదు. నిజానికి ఇంకో షెడ్డులో అప్పటికే కొత్త బ్యాటరీ వేయించాడు, సెల్ఫ్ మోటారు మార్పించాడు. రోగం మాత్రం అలాగే ఉంది. ఒకసారి అంటుకుంటుంది, ఇంకోసారి టక్కుమని ఊరుకుంటుంది. ఆ షెడ్డువాడు చదువుకున్నదల్లా కొత్త సామాను అట్టపెట్టె మీది అక్షరాలేనని ఎలక్ట్రీషియన్ అభిప్రాయం.

మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజిన్‌కు ఆనించాడు.

“తిప్పు. తిప్పి పట్టుకో.”

“న్యూట్రల్‌లోనే ఉంది. తిప్పనా?”

అతను మీటరు మీదికి వంగాడు. తాళం తిరిగింది. సున్నా దగ్గర కదలకుండా ఉండాల్సిన ముల్లు పైకి ఎగిరింది. ఎర్త్ తీగ. బ్యాటరీలోంచి వెళ్లిన కరెంటు తిరిగి ఇల్లు చేరే దారి అదే, ఆ దారే పూడుకుపోయింది. బ్యాటరీ ట్రే కింద బోల్టు విప్పి చూస్తే తీగ కొసన ఆకుపచ్చటి పొక్కు, దాని కింద ఎవడో తెలివైనవాడు పూసిన పెయింటు. ఇన్ని కొత్త సామాన్లు వేసినవాడికి ఈ ఒక్క బోల్టు విప్పే ఓపిక లేకపోయింది. అతను ఉప్పుకాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు.

“అబ్బాయ్” అన్నాడు బావ లోపలినుంచి. “ఉక్కగా ఉంది. కాస్సేపు దిగనా?”

“ఒక్క బోల్టు మిగిలింది బావా. కూర్చోవడం కూడా కష్టమైతే ఇంక నువ్వు దేనికి పనికొస్తావు?”

“కూర్చుంటాలే.”

అతను తీరిగ్గా రుద్దాడు. ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, తీగ బిగించి, పానా పక్కన పెట్టాడు.

“తిప్పు.”

పాట వినపడలేదు. అలిగాడన్నమాట. తిట్టినప్పుడు బావ నోరు మూసుకోవడం మామూలే, కాని చెయ్యి మాత్రం పని మానదు. ఎలక్ట్రీషియన్ చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ లేదు. ఆ టక్కు కూడా లేదు.

అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఒక రోగం కుదిర్చితే ఇంకోటి. సెల్ఫ్ దగ్గరికి వచ్చే సన్న తీగకు టెస్ట్ బల్బు ఆనించి “తిప్పి పట్టుకో” అన్నాడు. బల్బు వెలగలేదు. తాళం దగ్గరినుంచి కరెంటే రావడం లేదన్నమాట. ఆ షెడ్డువాడు డాష్‌బోర్డు కింద కూడా చెయ్యి పెట్టి తగలేసి ఉంటాడు. ఫ్యూజుల పెట్టెలోంచి రిలే పీకి ఇంకోటి గుచ్చాడు.

“తిప్పు.”

బల్బు వెలగలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అన్నీ బాగున్నాయి, తిరిగి గుచ్చాడు. లేచి ఉన్న బానెట్‌కు అవతల ఆ మనిషి చడీచప్పుడూ లేకుండా ఉన్నాడు.

“బావా, చెవులు కూడా ఆ హాల్లోనే వదిలేసి వచ్చావా? తిప్పుతున్నావా లేదా?”

చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, కుంటుకుంటూ అటువైపు వెళ్లాడు. బావ గడ్డం ఛాతీకి ఆని ఉంది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒకటి ఒళ్లో. చొక్కా పై గుండీ తీసి ఉంది. మహారాజు కునుకు తీస్తున్నాడు. ఇక్కడ తను ఫ్యూజులన్నీ పీకి పెట్టుకుంటుంటే.

“ఇదిగో, ఇలా తిప్పాలి” అంటూ కిటికీలోంచి చెయ్యి దూర్చి, ఆయన పొట్ట మీదుగా అందుకుని తాళం తిప్పాడు.

ఇంజిన్ మొదటి తిప్పుకే అంటుకుంది.

దాని వణుకు సీట్లోకి పాకింది. బావ బుగ్గలు, పొట్ట కదిలాయి, నవ్వు ఆపుకుంటున్నట్టు. నవ్వకూడని చోట నవ్వే మనిషే కనుక ఎలక్ట్రీషియన్‌కు మొదట కోపమే వచ్చింది. అంతలో ఆ తల మెల్లగా ఒరిగి అతని ముంజేతి మీద పడింది. ఆ బరువును బట్టి అతనికి అర్థమైంది. చెయ్యి తీసేస్తే ఆ తల ఎక్కడ ఆనాలో తెలియక, కిటికీ దగ్గర అలాగే వంగి నిలబడ్డాడు. ఇంజిన్ ఎక్కడా తడబడకుండా ఆడుతూనే ఉంది.

ఎంతసేపటికీ ఆపకపోతే ఏమిటా అని భార్య వెనక గుమ్మంలోకి వచ్చింది. చూసి, పరుగున వచ్చి, అవతలి తలుపు తీసి తాళం ఆపింది. ఇద్దరూ కలిసి ఆయన్ని దింపి బెంచీ మీద పడుకోబెట్టారు. ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఏడవలేదు, ఇంకా ఏడుపు అందలేదు.

“ఏమన్నా అన్నారా ఆయన?”

“ఉక్కగా ఉందన్నాడు.”

“మీరేమన్నారు?”

ఎలక్ట్రీషియన్ చేతుల్లోని గుడ్డను మడిచాడు, మళ్లీ విప్పాడు.

“దిగమన్నాను. చెప్తే వినే మనిషా? దిగలేదు.”

ఆవిడ అతని వంక చూసింది. వంగి ఆయన చొక్కా పై గుండీ పెట్టింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక కళ్లజోళ్ల షాపు ఆయన బండి కోసం వచ్చాడు. సంగతి ఎవరో చెప్పినట్టుంది, షెడ్డు బయటే ఆగాడు. “పాపం, పెద్దాయనకు అలా జరిగిందటగా” అన్నాడు. ఒక క్షణం అటూ ఇటూ చూసి, “ఏమీ అనుకోకండి. ఆ సీటు కవరు తీసేయండి. నాకిక వద్దు. ఇంట్లో ఆడవాళ్లు ఎక్కే బండి” అన్నాడు.

ఎలక్ట్రీషియన్ కవరు ఊడదీశాడు. ఆయన రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. స్టీరింగు పొట్టకు తగిలింది. “ఎవరండీ సీటు ఇంత ముందుకు లాగారు?” అని విసుక్కుంటూ వెనక్కి జరుపుకున్నాడు. తనే తాళం తిప్పుకున్నాడు. కారు వెంటనే అంటుకుంది, వెళ్లిపోయింది.

భార్య అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. “ఆ కవరునేం చేస్తారు?” అంది.

“ఏం చేస్తాం, చెత్తలో వేస్తాం” అన్నాడు అతను. వేయలేదు.

పాత బ్యాటరీల దొంతర మీద ఆ కవరు పడి ఉంది. పులిచారల నకిలీ బొచ్చు, ఒక పక్క ఎలాస్టిక్ సాగిపోయి, కూర్చునే చోట ఒక పొట్టి మనిషికి సరిపడా నలిగి.