పిల్లలు పెరిగిపోయిన ఉయ్యాల కేసు

చిన్నకోడలి కొడుకు తుమ్మితే కారణం ఉయ్యాల. దగ్గినా ఉయ్యాలే. ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చుంటే మరీ ఉయ్యాల. ఆ టేకు ఉయ్యాలలో పడుకునే రాత లేకే బిడ్డ ఇలా తయారయ్యాడని ఆమె బెంగ. డాక్టరు చెప్పినా, మొగుడు చెప్పినా ఆ బెంగ తీరలేదు.

ఉయ్యాల అత్తగారిది. కోడళ్ళిద్దరూ ఒకేసారి నీళ్ళోసుకున్నారు. పెద్దకోడలు అడిగితే "నీకేనమ్మా" అంది అత్తగారు. చిన్నకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "నీక్కాక ఇంకెవరికే" అంది. పురుళ్ళయ్యాక ఇద్దరూ చెరోవైపు పట్టుకు లాగారు. మాటా మాటా పెరిగి కోర్టుకెక్కారు. ఎవరిదో తేలేదాకా ఉయ్యాలను కోర్టు సామాన్ల గదిలో పెట్టించారు. ఆ తర్వాత ఒకసారి వకీలుకు జ్వరం, ఒకసారి జడ్జిగారికి బదిలీ, ఇంకోసారి గది తాళంచెవి దొరకలేదు.

చివరికి కొత్త జడ్జిగారు కేసు పిలిచారు. బంట్రోతు ఉయ్యాల మోసుకొచ్చాడు. దాన్నిండా కాగితాల కట్టలు! ఎన్నాళ్ళుగానో తేలని కేసులన్నీ అందులో హాయిగా పడుకుని ఉన్నాయి.

"చోటు లేక పెట్టానండి" అని గొణిగాడు గుమస్తా.

"సరే, పిల్లలేరీ?" అన్నారు జడ్జిగారు.

పెద్దకోడలి కూతురు ముందుకొచ్చి, ఊడిపోయిన ముందుపళ్ళ సందులోంచి నవ్వింది. చిన్నకోడలి కొడుకు బల్ల కింద నుంచి లేచొచ్చి, బూటు లేసు తనే కట్టుకున్నాడు.

"వీళ్ళకా ఉయ్యాల?"

"కేసు వేసినప్పుడు పాలు తాగేవాళ్ళండి" అన్నాడు చిన్నకోడలి వకీలు.

"ఇప్పుడు పడుకోబెడితే మోకాళ్ళ దాకా కాళ్ళు బయటికొస్తాయి కదయ్యా! పడుకునేవాళ్ళే లేనప్పుడు ఎవరిదని తేల్చి ఏం లాభం? ఇందులో తేల్చడానికేమీ మిగల్లేదు. కొట్టేస్తున్నా."

చిన్నకోడలు గబుక్కున లేచింది. ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమె కడుపులో ఉంది. ఈ బిడ్డ కూడా ఉయ్యాల లేకుండానే తుమ్ముతూ దగ్గుతూ పెరగాలా?

"కొట్టెయ్యకండి సార్! నాకు మళ్ళీ నెల తప్పింది!"

వెనక బెంచీలో కునుకుతున్న మొగుడు ఉలిక్కిపడి లేచాడు. "ఏమే! నాతో ఒక్క ముక్కైనా అన్నావా?"

"ఎలా అనమంటారు? మీరెప్పుడు చూసినా ఆ ఫోన్లోనే తల దూర్చుకుని ఉంటారు!"

ఆమె వకీలు ఒక్క ఉదుటున లేచాడు. "వివాదం చావలేదండి! మళ్ళీ కడుపున పడింది!"

"ఆగండి సార్" అంది పెద్దకోడలు, కొంగు సర్దుకుంటూ. "నాకూ."

ఆమె మొగుడు గోడకు చేరగిలబడ్డాడు.

"నా తల్లులే! ఉయ్యాల మీ ఇద్దరికే!" అని అత్తగారు చేతులు చాచింది.

"నువ్వు మాట్లాడకు తల్లీ, ఈ గొడవంతా నీ వల్లే!" అని బంట్రోతు ఆమెను కూర్చోబెట్టాడు.

జడ్జిగారికి హుషారొచ్చింది. "ఈసారి పురుళ్ళు కాకముందే తీర్పిస్తా. వాయిదా ఎప్పుడయ్యా?"

గుమస్తా పేజీలు తిప్పి తిప్పి తల గోక్కున్నాడు. "మొదటి ఖాళీ తేదీకి ఈ పుట్టబోయే పిల్లలు కూడా పరుగులు పెడుతుంటారండి."

కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దది బెంచీ మీద మెల్లగా జరిగొచ్చింది.

"ఏమే, పగలు నాకిస్తావా? నా పిల్ల రాత్రి ఎందులో వేసినా నిద్రపోయేది కాదు, ఇదీ అంతేలే."

"రాత్రి నాకేనా అక్కా? నిజంగా?"

"ఒట్టు."

ఇద్దరూ కట్టలన్నీ తీసి గుమస్తా బల్ల మీద పడేశారు.

"ఉండండమ్మా! తీర్పు మొదలుపెట్టేశాను!" అన్నారు జడ్జిగారు, కలం పైకెత్తి.

"వద్దులెండి సార్, ఇక గొడవే లేదు" అంటూ పెద్దకోడలు ఉయ్యాల ఎత్తబోయింది.

"అక్కా, నువ్వెత్తకు! మనం బరువులు మొయ్యకూడదు!" అని చిన్నకోడలు కంగారుపడింది.

"మరి వీళ్ళెందుకున్నారే?" అని పెద్దకోడలు మొగుళ్ళిద్దరికీ సైగ చేసింది.

ఇంకా తేరుకోని ఆ అన్నదమ్ములు ఉయ్యాలను చెరోవైపు పట్టుకుని కోర్టు మెట్లు దిగుతుంటే, చిన్నకోడలు పక్కనే నడుస్తూ, "మెల్లగా, మెల్లగా... కుదపకండి" అంటూనే ఉంది, అప్పుడే లోపల ఎవరో కళ్ళు మూసుకున్నట్టు.